కుడివైపు తలుపు

రిసెప్షన్‌కి హాలు చూడటానికి వెళ్ళినవాళ్ళు ముందు తలెత్తి పైకప్పు చూస్తారు. షాండిలియర్లు ఎన్ని, ఎంతెంతవి అని చూసుకున్నాక స్టేజీ, స్టేజీ తర్వాత బాత్రూములు. సుబ్బరాజు మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయాడు. మిగతావాళ్ళు లోపలికి వెళ్ళాక తలుపును రెండు వేళ్ళతో కొద్దిగా తోసి వదిలాడు. అది వెనక్కి వచ్చి మూసుకున్న చప్పుడు విన్నాడు. తర్వాత బొటనవేలు తలుపుకీ చట్రానికీ మధ్యనున్న సందులో పెట్టి పైనుంచి కిందికి లాగాడు. పైన వెడల్పుగా ఉన్న సందు మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి వేలు పట్టకుండా పోయింది.

"కీలు జారింది," అన్నాడు తనలో తనే.

కెనడాలోని మార్కమ్‌లో కూతురి రిసెప్షన్ కోసం వాళ్ళు చూస్తున్న ఐదో హాలు అది. ఇంత ఆర్భాటంగా కట్టినవాళ్ళు తలుపు దగ్గర ఇలా చేతులెత్తేశారేమిటని అతనికి నిజంగానే కష్టంగా ఉంది.

"బావగారు మళ్ళీ మొదలుపెట్టారు," అని లోపలినుంచి హేమచంద్ర నవ్వాడు. ఆయన కాబోయే వియ్యంకుడు, గుండె డాక్టరుగా చేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాడు. "ఎంతైనా ఇంజనీర్ కన్ను కదండీ, ఊరుకోదు."

సుబ్బరాజు కూడా నవ్వాడు. ఆ మాటకి నవ్వడం అతనికి ఎన్నో ఏళ్ళుగా అలవాటే.

హాలు మేనేజరు అంజనా ట్యాబ్లెట్ మీద వేలు పెట్టి గోడల రంగు మారుస్తోంది. గులాబీ, నీలం, మళ్ళీ గులాబీ. హేమచంద్ర భార్య వాసవికి గులాబీ నచ్చింది. కుర్చీలకి సిల్కు తొడుగులు ఉన్నాయి. నాలుగువందల మంది పడతారు. అక్టోబరు రెండో శనివారం ఖాళీగా కూడా ఉంది. ఇక వంక పెట్టడానికి ఏమీ లేదని సుబ్బరాజు భార్య లక్ష్మి కూతురి వైపు ఆశగా చూసింది.

"ఇట్స్ నైస్," అంది హర్షిణి.

లక్ష్మికి అర్థమైపోయింది. ఆ పిల్లకి ఏదైనా నచ్చితే నోటికొచ్చినంతసేపు మాట్లాడుతుంది, నచ్చకపోతే నైస్ అంటుంది. పెళ్ళికొడుకు తారక్ ఎడ్మంటన్‌లో డాక్టరుగా రెసిడెన్సీ చేస్తున్నాడు, నిద్రకే టైము లేదు. హాలు సంగతి నీ ఇష్టం అని ఫోన్లో చేతులు దులిపేసుకున్నాడు. కాబట్టి అయిదు హాళ్ళూ ఈ ఒక్క మాటతోనే పోయాయి.

కార్లో ఒషావాకి, ఇంటికి తిరిగి వస్తుంటే వెనక సీట్లోంచి హర్షిణి ముందుకి వంగింది.

"నాన్నా, వాట్ అబౌట్ ద యూనియన్ హాల్?"

సుబ్బరాజు, ముందు వెళ్తున్న లారీని అనవసరంగా దాటి పక్క లేన్‌లోకి వచ్చాడు.

"అదా," అన్నాడు తర్వాత. "అక్కడ పార్కింగ్ చాలదమ్మా. పైకప్పు కారుతుంది. ఎప్పుడూ కాఫీ వాసన."

"ఐ లవ్ దట్ స్మెల్. ఎవ్రీ క్రిస్మస్ పార్టీ వజ్ దేర్. సుఖ్‌దేవ్ అంకుల్ సాంటా వేషం వేసేవారు, గుర్తుందా? టర్బన్ మీద రెడ్ హ్యాట్."

గుర్తు లేకేం. గడ్డానికి దూది అక్కర్లేని శాంటాక్లాజ్ ఆ ఊరు మొత్తానికి సుఖ్‌దేవ్ ఒక్కడే. మొదటి ఏడాది హర్షిణి ఆ గడ్డం చూసి ఏడ్చి హాలంతా ఏకం చేసింది, మరుసటి ఏడాది ఒళ్ళోంచి దిగనంది. చలికి బిగుసుకున్న బూట్లు గుమ్మం దగ్గర వరసగా, వాటి కింద కరుగుతున్న మంచు, పిల్లలకి కాగితం కప్పుల్లో హాట్ చాక్లెట్, సెకండ్ షిఫ్ట్ దిగి అలాగే వచ్చేసిన తండ్రులు. ఇంత బాగా గుర్తుందని సుబ్బరాజుకే ఆశ్చర్యం వేసింది. మనసంతా మెత్తబడింది. అయినా నోరు మాత్రం "చూద్దాంలే" అంది.

"సండే తారక్ పేరెంట్స్‌ని తీసుకొస్తా. వాళ్ళకి ఆల్రెడీ చెప్పాను," అని హర్షిణి వెనక్కి వాలింది.

లక్ష్మి భర్త వైపు తిరగలేదు. ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు జిప్పు మాత్రం తీసింది, వేసింది, మళ్ళీ తీసింది.

సుబ్బరాజు ఇంజనీరు కాదని చెప్పడానికి లేదు. కాకినాడలో మెకానికల్ చదివాడు. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. ఈ దేశం వచ్చాక దాన్ని తెరిచి చూసినవాడు లేడు. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అన్నారు, లేదన్నాడు, అక్కడితో సరి. ఒషావా కార్ల ప్లాంటులో అసెంబ్లీ లైన్ మీద పని దొరికితే చేరాడు. ఆ యూనియన్ హాలు అక్కడి కార్మికులదే. పాతికేళ్ళు కార్లకి కుడివైపు తలుపులు బిగించాడు. మార్కమ్ తెలుగువాళ్ళు మీవారు ఏం చేస్తుంటారని అడిగినప్పుడు లక్ష్మి, "కార్ల కంపెనీలోనండీ, ఇంజనీరు," అంది. విడివిడిగా చూస్తే అందులో ఏదీ అబద్ధం కాదు. పక్కపక్కన పెడితేనే అబద్ధం. డాక్టర్లూ ప్రొఫెసర్లూ ఉన్న గుంపులో ఆ మాట అతనికి ఓ కుర్చీ వేసింది. లేచే సందర్భం రాలేదు, అలాగే కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రం శుభలేఖ నమూనా ఫోన్‌కి వచ్చింది. లక్ష్మి కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. వినాయకుడి బొమ్మ బాగుంది, ముహూర్తం సరిగ్గా ఉంది. పెళ్ళికొడుకు తండ్రి పేరు కింద 'రిటైర్డ్ కార్డియాలజిస్ట్' అని ఉంది. పెళ్ళికూతురి తండ్రి పేరు కింద 'రిటైర్డ్ ఇంజనీర్' అని ఉంది.

"అచ్చుకి ఇమ్మంటారా?" అంది.

"రెండ్రోజులు ఆగు."

"ఏమండీ, ఆ హాల్లో మీరు తెలియనివాళ్ళు ఎవరున్నారు? గుమ్మంలో అడుగు పెడితే చాలు, ఎవడో ఒకడు వచ్చి భుజం మీద చరుస్తాడు. పెళ్ళయ్యాక నెమ్మదిగా తెలిస్తే వేరు. నాలుగొందల మంది ముందు తెలిస్తే ఏం బావుంటుంది?"

"హాలు ఖాళీ లేదనిపిస్తాను," అన్నాడు సుబ్బరాజు. "సుఖ్‌దేవ్‌తో మాట్లాడతాను. బుకింగులన్నీ ఇప్పుడు వాడే చూస్తున్నాడు."

పరిష్కారం దొరికినందుకు ఇద్దరూ సంతోషించాల్సింది. కానీ ఆ పూట టీవీ కూడా పెట్టుకోలేదు.

మంగళవారం ఉదయం యూనియన్ హాల్లో రిటైరైనవాళ్ళ కాఫీ ఉంటుంది. సుబ్బరాజు రిటైరయ్యాక ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెళ్తే ఎవరైనా చూస్తారని మొదట్లో మానేశాడు, తర్వాత ఇన్నాళ్ళూ రాలేదేమని అడుగుతారని మానేశాడు.

హాలు ముందు గడ్డిలో పసుప్పచ్చగా డాండెలైన్లు పూశాయి. రెండు రెక్కల పెద్ద తలుపు, పాతదే. కుడి రెక్క పట్టుకుని లాగితే సగం వచ్చి నేలకి పట్టేసింది. కింద గచ్చు మీద అది గీసిన గీత అర్ధచంద్రంలా తెల్లగా ఉంది. చేత్తో కొంచెం పైకెత్తి లాగితే వచ్చింది.

లోపల అదే కాఫీ వాసన. కొన్ని తలలు అతనివైపు తిరిగాయి. "రాజూ," అని ఎవరో పిలిచారు, ఎవరో కుర్చీ జరిపారు. ఇన్నాళ్ళూ ఏమయ్యావని ఒక్కరూ అడగలేదు. నిన్న షిఫ్టులో కలిసినట్టే డోనట్ల పెట్టె అతని ముందుకి తోశారు. అతను ఒక డోనట్ తీసుకుని జరిపిన కుర్చీలో కూర్చున్నాడు.

సుఖ్‌దేవ్ వంటగదిలో కప్పులు కడుగుతున్నాడు. తెల్ల గడ్డం, నీలం తలపాగా, నడుముకి ఏప్రాన్. పద్నాలుగేళ్ళు ఒకే కారుకి అటు అతను, ఇటు సుబ్బరాజు. ఎడమ తలుపు వాడిది, కుడి తలుపు ఇతనిది. నిమిషానికో కారు. తలుపు పైనున్న హాయిస్టుకి వేలాడుతూ వస్తుంది, తుంటితో ఆపి, కీలు కలిపి, గన్‌తో బోల్టులు బిగించి, బొటనవేలు సందులో లాగి చూసి వదలాలి. కారు అద్దాల్లోంచి ఒకరి మొహం ఒకరికి కనిపించేది. చెవులకి ప్లగ్గులు ఉండేవి కాబట్టి సైగలే. అన్నేళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నది తక్కువ, తెలుసుకున్నది ఎక్కువ.

సుబ్బరాజు తువ్వాలు తీసుకుని కప్పులు తుడుస్తూ విషయం చెప్పాడు. వాళ్ళ మాటలు ఎప్పుడూ ఇంగ్లీషులోనే. అక్టోబరు రెండో శనివారం హాలు ఖాళీ లేదని ఆదివారం తన వాళ్ళకి చెప్పాలన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. ఇంజనీరు సంగతి మరో మనిషికి చెప్పడం అదే మొదటిసారి.

సుఖ్‌దేవ్ నీళ్ళు ఆపాడు. చేతులు ఏప్రాన్‌కి తుడుచుకున్నాడు.

"మా అమ్మాయి పెళ్ళి విందు ఇక్కడే చేశాను," అన్నాడు. "నువ్వూ లక్ష్మీ వచ్చారు."

"వచ్చాం."

"బాగుందన్నావు."

"బాగుంది సుఖ్‌దేవ్. నేను దానికి కాదు..."

"సరే. లేదని చెప్తాను. కానీ అబద్ధం నా చేత్తో రాయను. నువ్వే రాసుకో."

రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టి, అక్టోబరు పేజీ తెరిచి, పెన్ను పక్కన పెట్టి అవతలికి వెళ్ళిపోయాడు.

రెండో శనివారం గడి ఖాళీగా లేదు. అందులో అప్పటికే హర్షిణి చేతిరాత ఉంది, మూడు వారాల క్రితం తేదీతో. సభ్యుడి పేరు అన్నచోట సుబ్బరాజు అని రాసింది. డిపార్ట్‌మెంట్ అన్నచోట 'డోర్స్, రైట్ సైడ్' అని రాసింది. స్కూల్లో రాసినంత పొందిగ్గా రాసింది, ఆ గడిలోంచి అక్షరం బయటికి పోకుండా.

దాన్ని కొట్టేస్తే పనైపోతుంది. సుబ్బరాజు పెన్ను తీసుకున్నాడు.

అప్పుడు ఒక పాత ఉగాది గుర్తొచ్చింది. మార్కమ్‌లో ఏదో స్కూలు జిమ్ము. పులిహోర కోసం వరసలో నిలబడితే, ఒక పెద్దాయన వంగి ఏడేళ్ళ హర్షిణిని మీ డాడీ ఏం చేస్తారమ్మా అని అడిగాడు. అంతకు ముందు వారమే ప్లాంటులో ఫ్యామిలీ డేకి వచ్చి చూసిందేమో, "మై డాడ్ పుట్స్ ద డోర్స్ ఆన్," అంది. తుంటి పక్కకి పెట్టి, రెండు చేతులూ ఎత్తి, ఎలా బిగిస్తారో చేసి చూపించింది కూడా. ముందువాళ్ళు వెనక్కి తిరిగారు. సుబ్బరాజు పెద్దగా నవ్వాడు. "ఉత్తదండీ. దీనికి కథలల్లడం సరదా," అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరో అబద్ధాలకోరు పిల్ల అని ముద్దుగా బుగ్గ గిల్లారు. హర్షిణి నవ్వలేదు. ఎత్తిన చేతులు దించి ప్లేటు వెనక పెట్టుకుంది. ఆ తర్వాత నాన్న ఏం చేస్తారని ఎవరడిగినా, "ఆస్క్ మై డాడ్," అనడం నేర్చుకుంది. అతను దాన్ని తెలివి అనుకున్నాడు.

సుబ్బరాజు పెన్ను ఉన్నచోటే పెట్టేశాడు.  సిగ్గు వేసింది, లైన్ మీద పనిచేసినందుకు కాదు.

కాసేపటికి సుఖ్‌దేవ్ వచ్చి చూసి, రాయలేదని గమనించి రిజిస్టరు మూసేశాడు. "రా, ఒకటి చూపిస్తా," అన్నాడు.

హాలు వెనక గోడకి ఒక కారు తలుపు వేలాడదీసి ఉంది. కుడి తలుపు, వెండి రంగు. ప్లాంటులో ఆ లైన్ మూతపడిన రోజు అందరూ మార్కరుతో దాని మీద సంతకాలు చేశారు. వందకి పైగా ఇంగ్లీషు సంతకాల మధ్య, కింద ఒక మూల, ఒక్కటే తెలుగులో ఉంది. ఇక్కడ చదివేవాళ్ళు ఎవరున్నారులే అన్న ధైర్యంతో సుబ్బరాజు ఆ రోజు మనసులో ఉన్నది రాసేశాడు. ఆదివారం హేమచంద్ర వస్తే ఇంత పెద్ద హాల్లో ముందుగా కంట్లో పడే అక్షరాలు అవే.

"ఏళ్ళ తరబడి అదేం రాశావో తెలియలేదు నాకు," అన్నాడు సుఖ్‌దేవ్. "మూడు వారాల క్రితం మీ అమ్మాయి వచ్చి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. చాలాసేపు పట్టింది. తర్వాత నాకు అర్థం చెప్పింది. రిసెప్షన్ రోజు ఈ తలుపు గోడమీంచి తీయకూడదని కూడా చెప్పి వెళ్ళింది."

సుబ్బరాజుకి వంటింటి బల్ల మీద శనివారం శనివారం దిద్దించిన అక్షరాలు గుర్తొచ్చాయి. ఎందుకు నాన్నా ఇవి, వేర్ విల్ ఐ ఎవర్ రీడ్ ఇట్ అని గింజుకునేది.

ఆదివారం ఎండ బాగా కాసింది. లక్ష్మి పొద్దున్నుంచీ ముళ్ళ మీద ఉన్నట్టే ఉంది. హాలు ఖాళీ లేదంటాడు కదా అని రెండుసార్లు అడిగింది, చూద్దాం పద అన్నాడు సుబ్బరాజు. సుఖ్‌దేవ్ కోసం మాత్రం స్టీలు డబ్బాలో పాకుండలు పెట్టింది.

వాళ్ళు వెళ్ళేసరికి హర్షిణి హేమచంద్ర దంపతుల్ని తీసుకొచ్చేసింది. పట్టుచీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని వాసవి రెండో చేత్తో తలుపు లాగుతోంది. అది సగం వచ్చి గచ్చుకి పట్టేసింది. హేమచంద్ర కూడా చెయ్యి వేశాడు. కీచుమందే కానీ కదల్లేదు.

"ఆగండి బావగారూ, అలా లాగితే రాదు," అని సుబ్బరాజు ముందుకి వెళ్ళాడు. వంగి కీళ్ళు చూశాడు. లోపలికి తల పెట్టి సుఖ్‌దేవ్‌ని పిలిచాడు. సుఖ్‌దేవ్ ఏమీ అడక్కుండానే పనిముట్ల పెట్టె పట్టుకొచ్చాడు.

సుబ్బరాజు కోటు విప్పి లక్ష్మికి ఇచ్చాడు. స్క్రూలు కొద్దిగా వదులు చేశాడు. కుడి పాదం వేళ్ళు తలుపు అంచు కింద పెట్టి, తుంటి ఆనించి, భుజంతో పైకి ఎత్తాడు. ఆ భుజం రిటైరయ్యే నాటికే అరిగిపోయింది, నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎత్తిన తలుపుని ఎత్తినట్టే ఆపి పై కీలు బిగించాడు, తర్వాత కింది కీలు. బొటనవేలు సందులో పెట్టి పైనుంచి కిందికి లాగాడు. మళ్ళీ పై స్క్రూ పావుచుట్టు తిప్పాడు. వదిలేశాడు. తలుపు నేలని తాకకుండా వెళ్ళి ఒక్క చప్పుడుతో మూసుకుంది.

"చూశావా వాసవీ," అన్నాడు హేమచంద్ర మెచ్చుకోలుగా. "ఎంతైనా ఇంజనీరు ఇంజనీరే."

ఎప్పుడూ నవ్వే చోటు అది. లక్ష్మి కూడా నవ్వడానికి సిద్ధపడింది. సుబ్బరాజు చేతులకి అంటిన గ్రీజు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఇంజనీర్ని కాదు బావగారూ," అన్నాడు. "చదివాను, ఉద్యోగం చేయలేదు. పాతికేళ్ళు ప్లాంటులో లైన్ మీద కార్లకి తలుపులు బిగించాను. ఎడమవైపు సుఖ్‌దేవ్, కుడివైపు నేను.  లోపల గోడకి ఒక తలుపుంది, దాని మీద తెలుగులో రాసి ఉంటుంది. మీరెలాగూ చదువుతారు, నేనే చెప్తున్నాను."

 లక్ష్మి చేతిలో కోటు మడత పెడుతూనే ఉంది.

"ఒకసారి ఉగాదికి పిల్ల ఈ మాటే చెప్పింది. ఏడేళ్ళు దానికి. నేను నలుగురిలో నవ్వి ఉత్తదన్నాను. అందరూ దాన్ని అబద్ధాలకోరన్నారు." సుబ్బరాజు కూతురి వైపు తిరిగాడు. "అది నిజమే చెప్పిందండీ. అబద్ధం నాది."

హర్షిణి తలుపు పక్కనే నిలబడి ఉంది. కదల్లేదు.

"ముందే చెప్పాల్సింది," అంది వాసవి. గొంతు బిరుసుగానే ఉంది.

"చెప్పాల్సిందే వదినగారూ," అంది లక్ష్మి. "మొదట అన్నది నేను. ఆయన్ని అనకండి."

"తారక్‌కి తెలుసా?"

"హి నోస్, ఆంటీ," అంది హర్షిణి. "మేం కలిసిన ఫస్ట్ వీక్‌లోనే చెప్పాను. మీకు చెప్పొద్దని నేనే అడిగాను. ఇట్ వజ్ నాన్నాస్ టు సే."

హేమచంద్ర మెట్టు మీద నిలబడి చాలాసేపు ఆ కీళ్ళ వైపు చూశాడు. ఆయన ఏమనుకుంటున్నాడో సుబ్బరాజుకి తెలియలేదు. తెలుసుకోవాలని ఈ మధ్యకాలంలో మొదటిసారి తాపత్రయం కూడా కలగలేదు. చివరికి ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"ఆ గోడమీద తలుపు ఎక్కడుంది బావగారూ, చూపించండి."

లోపలికి వెళ్ళి ఆ మూల దగ్గర వంగి పైకే చదివాడు. "ఇటువైపు తలుపులన్నీ నావే. సుబ్బరాజు." ఇంకోసారి చదివాడు. వాసవి కూడా వచ్చి పక్కన నిలబడి చదివింది. కొంతసేపటికి హాలు నలువైపులా చూసి స్టేజీ ఎటు పెడతారని లక్ష్మిని అడిగింది. ఎత్తు తక్కువగా ఉంది, పూలు ఎక్కువ పెట్టించాలి అంది. లక్ష్మి ఆ మాట కోసమే ఊపిరి బిగబట్టినట్టు గబగబా అవునంది. కార్డు ఇంకా అచ్చుకి ఇవ్వలేదు వదినగారూ, ఆ ఒక్క ముక్కా మారుస్తాం అని కూడా అంది.

సుబ్బరాజు చేతులు కడుక్కుని వచ్చేసరికి సుఖ్‌దేవ్ పాకుండ తింటూ తలుపు ఎడమ రెక్క కీళ్ళు చూస్తున్నాడు. అదీ కొంచెం జారింది. ఎడమది తనది కాబట్టి రేపు చూసుకుంటానన్నాడు.

హర్షిణి ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. కుడి రెక్క తెరిచి బయటికి వెళ్ళింది. లోపలికి వచ్చి వదిలింది. అది ఒక్క చప్పుడుతో మూసుకుంది. తండ్రి చూస్తున్నాడని ఆమెకి తెలుసు. తుంటి కొద్దిగా పక్కకి పెట్టి, రెండు చేతులూ ఎత్తి, తలుపు బిగిస్తున్నట్టు చేసి చూపించింది.

"ఈ హాలే నాన్నా," అంది.

మళ్ళీ తలుపు తెరిచి, వదిలి, ఆ చప్పుడు విన్నది.